జానెడు అద్దం

మా సంస్థ గురించి ఊళ్ళో రకరకాలుగా చెప్పుకుంటున్నారు. అద్దాల పిచ్చి పట్టిందని కొందరు, పిచ్చి ముందునుంచే ఉంది, అద్దాలే తర్వాత వచ్చాయని కొందరు. ఈ మాటలు అనేవాళ్ళలో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో ఒక్క పూటైనా పనిచేసినవాళ్ళు ఎవరూ లేరు. నేను ఆ సెక్షన్ సూపరింటెండెంటుని. విండ్‌షీల్డ్ ఎత్తు ఉత్తర్వుకు ముసాయిదా రాసింది నేనే. కాబట్టి జరిగిందేమిటో చెప్పే అర్హత నాకుంది.

మా పర్యాటక రహదారి సహాయ సంస్థ చేసే పని చెప్పుకోవడానికి చాలా తేలిక. గోదావరి దాటి ఏజెన్సీ కొండల్లోకి వెళ్ళే ఘాట్ రోడ్డు మీద పర్యాటకులకు తోడుగా వెళ్ళాలి. మంచు కమ్మితే వాళ్ళ జీపుకి ముందు నడిచి దారి చూపాలి. బండి చెడితే ఆగి సాయం చెయ్యాలి. దీనికోసం పెద్ద టూరింగ్ మోటారు సైకిళ్ళు కొన్నాం. సగం రైడర్లకి, సగం అధికారులకి. ఘాట్ ఎక్కని అధికారులకి బళ్ళెందుకని అడిగేవాళ్ళుంటారు. కిందివాళ్ళకి ఉండి పైవాళ్ళకి లేని వస్తువు మా సంస్థలో ఇంతవరకు లేదు. ఆ సంప్రదాయం మోటారు సైకిళ్ళ దగ్గర తప్పడం బాగుండదు.

బళ్ళు దింపిన కంపెనీ మనిషి టీ తాగుతూ నాలుగు ముక్కల్లో అంతా చెప్పేశాడు. "ఈ ముందద్దం ఎత్తు మార్చుకోవచ్చండి. ఈ మర తిప్పితే పైకీ కిందకీ జరుగుతుంది. ఎవరి బండి మీద వాళ్ళు నిటారుగా కూర్చుని, అద్దం పై అంచు ముక్కు కొసకి వచ్చేలా పెట్టుకోండి. అద్దంలోంచి కాదు, అద్దం మీంచి రోడ్డు చూడాలి. మరీ కిందకుంటే గాలంతా మొహానికే కొడుతుంది. మరీ పైకుంటే వానొచ్చినప్పుడు ముందేమీ కనపడదు. అంతేనండి." గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు. ఇంత పెద్ద విషయం అంత చిన్నగా చెప్పినప్పుడే నాకు అనుమానం రావలసింది.

అక్కడే ఉన్న రైడర్ మేరీ రత్నం ఆ మాటలు విన్నంతసేపు కూడా ఆగలేదు. బాగా పొడగరి, కోనసీమ మనిషి. ఘాట్ రోడ్డు మీద లారీల మధ్య నుంచి మంచులో బండి నడపడం ఆవిడకి సరదా. బండెక్కి కూర్చుని, ముక్కుకి ఎదురుగా వేలు పెట్టుకుని, మర తిప్పి, ఆఫీసు చుట్టూ ఒక రౌండు కొట్టి వచ్చింది.

"భలేగుందండి సాంబమూర్తి గారూ! గాలి నెత్తి మీంచి ఎల్లిపోతంది. కళ్ళంట ఒక్క సుక్క నీరు రాలేదండి" అంది. ఆవిడ అద్దం మూరెడు ఎత్తున నిలబడి ఉంది.

సరిగ్గా అప్పుడే మా మేనేజింగ్ డైరెక్టర్ గరుడాద్రి గారి కారు పోర్టికోలో ఆగింది. గరుడాద్రి గారు ఎత్తు తక్కువ మనిషి. ఈ మాట మా ఆఫీసులో ఎవరూ అనరు, నేను కూడా కథ అర్థం కావడానికి అంటున్నానంతే. ఆయన కారు దిగి, అద్దం వెనక ఠీవిగా కూర్చున్న మేరీ రత్నాన్ని చూసి, గబగబా కోటు సర్దుకుని నమస్కారం పెట్టారు.

తర్వాత నన్ను పక్కకి పిలిచారు. "సాంబమూర్తి గారూ, ఎవరా మేడమ్? జనరల్ మేనేజర్ పోస్టు నింపేశారా? నాతో ఒక్క మాటైనా అనలేదే?"

మా జనరల్ మేనేజర్ పోస్టు ఎన్నో ఏళ్ళుగా ఖాళీ. ఆ కుర్చీ మీద టవల్ మాత్రం వారం వారం ఉతికి వేస్తాం.

"కాదండి. ఆవిడ రైడరు."

"రైడరా?" గరుడాద్రి గారు పెట్టిన నమస్కారాన్ని వెనక్కి తీసుకునే మార్గం ఆలోచిస్తున్నట్టు రెండు చేతులూ చూసుకున్నారు. "రైడరు అంత అద్దం వెనక కూర్చుంటే, రేపు నేను కూర్చున్నప్పుడు నేనెవరినని జనానికి తెలిసేదెలా? ఫైల్ పెట్టండి."

పెట్టాను. ఏ ఫైలుకైనా ముందు పూర్వ ఉదాహరణ కావాలి. మా ఆఫీసులో ఎత్తుకు సంబంధించిన ఉత్తర్వు ఒకే ఒక్కటుంది, కుర్చీ వీపుల గురించి. ఎండీ గారి కుర్చీ వీపు తల దాటి పైకి ఉండాలి, మీద టర్కీ టవల్. జనరల్ మేనేజరుకి తల దాకా, టవల్ ఉంటుంది. సూపరింటెండెంటుకి భుజాల దాకా, టవల్ ఉండదు. సీనియర్ అసిస్టెంటుకి నడుం దాకా. ఆ కింద అంతా స్టూళ్ళే. మనిషి వెనక ఆనుకునే వస్తువుకి హోదాను బట్టి ఎత్తు ఉన్నప్పుడు, మనిషి ముందు నిలబడే వస్తువుకి లేకపోవడం పాలనాపరమైన లోటని నేను నోట్ రాశాను. ఆ నోట్ చదివి గరుడాద్రి గారు నన్ను పిలిపించి కాఫీ ఇప్పించారు. ఆయన గదిలో కూర్చుని కాఫీ తాగడం నా సర్వీసులో అదే మొదటిసారి.

ఆ నోట్ మీద పెట్టిన మీటింగుకి సాంకేతిక సలహాదారు కామరాజు గారు కూడా వచ్చారు. సర్వీసంతా లాంచీల రేవులో గడిపి రిటైరైన మనిషి. గాలి సంగతి ఆయనకి తెలిసినంతగా జిల్లాలో ఇంకెవరికీ తెలియదు. ఈ విషయం ఆయనే మాకు చాలాసార్లు చెప్పారు. రైడర్ల తరఫున మేరీ రత్నాన్ని పిలిచి తలుపు దగ్గర నిలబెట్టాం.

"మీ అభిప్రాయం క్లుప్తంగా విన్నవించుకోవచ్చు" అన్నారు గరుడాద్రి గారు.

"ఏముందండి, ఎవరి ముక్కు దాకా ఆళ్ళు పెట్టుకుంటే సరిపోద్దండి."

గరుడాద్రి గారు కళ్ళు మూసుకుని తెరిచారు. "చూడమ్మా. ముక్కు వ్యక్తిగతమైన అవయవం. హోదా సంస్థాగతమైన విషయం. వ్యక్తిగతమైన అవయవాన్ని ఆధారం చేసుకుని సంస్థాగతమైన నిర్ణయం తీసుకోవడానికి నియమావళిలో అవకాశం లేదు."

"పైగా ముక్కులు మనిషికో తీరుగా ఉంటాయి సార్. రేపు ఆడిట్‌లో అభ్యంతరం పెడతారు" అన్నారు కామరాజు గారు.

"మరి మా హోదా గాలికెలా తెలుస్తాదండి?" అంది మేరీ రత్నం.

కామరాజు గారు తడుముకోకుండా అందుకున్నారు. "గాలి అనేది క్రమేపీ అలవాటు పడే స్వభావం గలది. మేం రేవులో చూశాం" అన్నారు. గరుడాద్రి గారు అది మినిట్స్‌లో రాసుకోమన్నారు. రాసుకున్నాను.

ఉత్తర్వు వచ్చింది. రైడర్లకి జానెడు అద్దం. సీనియర్ అసిస్టెంట్లకి జానా బెత్తెడు. సూపరింటెండెంట్లకి దానిమీద ఇంకో రెండు వేళ్ళు. జనరల్ మేనేజరుకి మూరెడు. ఎండీ గారికి రెండు మూరలు. అంత అద్దం కంపెనీ దగ్గర లేదంటే ప్రత్యేకంగా చేయించాం. ప్రతి బండికీ అద్దాన్ని హోదాకు తగ్గ ఎత్తున నిలిపి, మర మీద లక్కతో ఆఫీసు సీలు వేశాం. సీలు చెడగొడితే క్రమశిక్షణ చర్య. ఎండీ గారి మరకి మాత్రం సీలు వెయ్యలేదు. సీలు వెయ్యవలసింది పై అధికారి, ఆయనకి మా సంస్థలో పై అధికారి లేరు.

చివరి నిబంధన గరుడాద్రి గారు స్వయంగా చెప్పి రాయించారు. "అద్దం ఎత్తే హోదాకు తుది నిదర్శనం. ఏ ఎత్తు అద్దం వెనక ఎవరు కూర్చుని ఉంటే, వారిది ఆ హోదాగా ఎల్లరూ పరిగణించవలెను." రాయించి, "ఇక మీదట ఎవరు ఎవరో నేను ఒకరిని అడగాల్సిన ఖర్మ ఉండకూడదు" అన్నారు. పోర్టికోలో పెట్టిన నమస్కారం ఆయన్ని ఇంకా బాధపెడుతోందని నాకు అర్థమైంది.

అధికారుల బళ్ళు పోర్టికోలో సెంటర్ స్టాండు మీద వరసగా నిలిపాం. మొట్టమొదట ఎండీ గారిది, పక్కన ఖాళీ జనరల్ మేనేజర్ గారిది, ఆ తర్వాత మావి. రోజూ పొద్దున్న గరుడాద్రి గారు బండెక్కి కూర్చునేవారు. రెండు మూరల అద్దం వెనక ఆయన పూర్తిగా ఒదిగిపోయేవారు. కుర్చీ మీద ఉన్నది బండి మీద ఎందుకు లేదని ఆయన అడగడంతో అద్దాన్ని నిలువునా కప్పుతూ టర్కీ టవల్ కూడా పరిచాం. వచ్చిన పెద్దమనుషులు టవల్‌కి నమస్కారం పెడితే వెనకనుంచి "కూర్చోండి" అని వినపడేది. కూర్చోవడానికి అక్కడేమీ ఉండేది కాదు. అయినా అందరికీ గౌరవంగా అనిపించేది. నేనూ నా అద్దం వెనక కూర్చుని చూశాను. నా గడ్డం దాకా వచ్చింది. పోర్టికోలో గాలి ఎలాగూ ఆడదు కాబట్టి ఏ ఇబ్బందీ కలగలేదు.

ఇబ్బందల్లా గాలి ఉన్న చోటే వచ్చింది. పది రోజులైనా కాకముందే మేరీ రత్నం నా బల్ల ముందుకొచ్చి నిలబడింది. కళ్ళు రెండూ ఎర్రగా వాచి ఉన్నాయి.

"అసలు అద్దమే లేపోతే నయవండి. ఈ జానెడు ముక్కేం చేత్తందంటే, కింద గాలంతా పోగేసి తెచ్చి తిన్నగా నా గడ్డం కింద కొడతంది. హెల్మెట్టు గిలక్కాయలాగ ఊగిపోతందండి. మంచులో హెల్మెట్టు అద్దం మసకేసి ఏమీ ఆనదు, అది పైకెత్తేనా కళ్ళు పోతన్నాయి. ఆ సీలు తియ్యండి, నాలుగు తిప్పులు తిప్పుకుంటాను."

"ఎత్తు కావాలంటే ప్రమోషన్ రావాలమ్మా."

"నాకు ప్రమోషనెందుకండి? నాకు రోడ్డు కనపడాలంతే. వచ్చే నెల్లో కంటి పరీక్షుందండి. అది తప్పేనంటే బండి దింపేత్తారు. బండి దింపేత్తే నేనేం చెయ్యాలండి?"

రైడర్లకి ఏటా కంటి పరీక్ష ఉంటుందనీ, తప్పితే ఉద్యోగం పోతుందనీ నాకు తెలుసు. ఆ రూలు రాసింది కూడా మా సెక్షనే. రైడర్లు నిక్షేపంగా చూడగలగాలని అందులో నొక్కి చెప్పాం. నేను విషయం పైకి పంపాను. కామరాజు గారు పరిశీలించి ఒక పరిష్కారం కనిపెట్టారు. అద్దాన్ని ముక్కు దాకా తేవడానికి నియమం ఒప్పుకోనప్పుడు, ముక్కును అద్దం దాకా తేవచ్చు. రైడర్లందరూ నడుం వంచి, గడ్డం పెట్రోలు ట్యాంకు మీద ఆనించి నడపాలి. ఈ భంగిమలో గాలి తగలదు, పైగా చూసేవారికి సంస్థ సిబ్బంది వినయం కనిపిస్తుంది. గరుడాద్రి గారికి రెండో కారణం బాగా నచ్చింది. సర్క్యులర్‌లో దానికి 'వినయ భంగిమ' అని పేరు పెట్టారు.

ఘాట్ రోడ్డు మీద మా రైడర్లు పొట్టలు పట్టుకున్నట్టు వంగి వెళ్తుంటే పర్యాటకులు జీపులు ఆపి, "ఏమ్మా, కడుపునొప్పా? మా దగ్గర మాత్రుందమ్మా" అని అడిగేవారట. సాయం చెయ్యడానికి వెళ్ళిన వాళ్ళకి సాయం అందింది. ఆ నెల నివేదికలో 'పర్యాటకుల సహకారం పెరిగింది' అని రాశాం. వంగి వంగి నడుములు పట్టేసి ఇద్దరు రైడర్లు సెలవు పెట్టారు. వంగి నడిపితే మలుపులో ఎదురొచ్చే బండి కనపడదని మేరీ రత్నం మాత్రం మళ్ళీ నిటారుగానే నడపడం మొదలుపెట్టింది. వినయం లేదని ఆవిడకి మెమో వెళ్ళింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం చీకటి పడే వేళ, వెనక జీపుని వెంటబెట్టుకుని ఘాట్ దిగుతుంటే, ఒక పేడపురుగు వచ్చి ఆవిడ కుడికంటికి రాయిలా తగిలింది. ఆవిడ బండి వదలలేదు. రెండో కంటితోనే జీపుని కిందదాకా దింపి, అప్పుడు వెళ్ళి ఆస్పత్రిలో పడింది. కన్ను దక్కిందిగానీ, ఇంకోసారి తగిలితే దక్కదని డాక్టర్ చెప్పాడు. వైద్య ఖర్చుల కోసం ఆవిడ దరఖాస్తు పెట్టుకుంది.

ఆ దరఖాస్తు మీద విచారణ కూడా పోర్టికోలోనే జరిగింది. అద్దం ఎత్తే హోదాకు నిదర్శనం కాబట్టి, విచారణ చేసేవారు అద్దం వెనక లేకపోతే చెల్లదని నేనే అనుమానం లేవదీశాను. గరుడాద్రి గారు బండి మీదనుంచే, టవల్ వెనకనుంచే ప్రశ్నలు అడిగారు.

"సదరు పురుగు ఏ ఎత్తులో ఎగురుతూ ఉండెను?"

"నాకేటి తెలుసండి? కంట్లో పడ్డాక తెలిసింది."

"అంటే, కంటి ఎత్తులో. కామరాజు గారూ, ఆమె కన్ను నేల నుంచి ఎంత ఎత్తున ఉంది?"

కామరాజు గారు టేపుతో కొలిచారు. "ఆమె అద్దం పై అంచుకి చాలా ఎగువన ఉంది సార్. దరిదాపు జనరల్ మేనేజర్ గారి పరిధిలో ఉంది."

"అంటే ఆ ఎత్తులో రక్షణ పొందే అర్హత ఆమెకి లేదు" అన్నారు గరుడాద్రి గారు. "సాంబమూర్తి గారూ, రాసుకోండి. అద్దం పరిధికి ఎగువన జరిగిన సంఘటనలకు సంస్థ బాధ్యత వహించజాలదు. దరఖాస్తు తిరస్కరించడమైనది."

రాశాను. ఆ వాక్యం రాస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండుతోందో తేల్చుకోలేక, లక్క నాసిరకంగా ఉందని అటెండరు మీద అరిచాను. వాడు బిత్తరపోయి మంచి లక్క తెచ్చాడు. మేరీ రత్నం మాత్రం అరవలేదు. కట్టు లేని కంటితో టవల్ వైపు కాసేపు చూసింది. టవల్ ఏమీ అనకపోయేసరికి వెళ్ళిపోయింది. కట్టు విప్పగానే మళ్ళీ డ్యూటీకి వచ్చింది, ఆ కన్ను మాత్రం చాలా రోజులు ఎర్రగానే ఉండిపోయింది.

తొలకరి పడింది. ఏజెన్సీలో మొదటి వాన పడ్డ మర్నాడు ఉసిళ్ళు ఎలా లేస్తాయో చూసినవాళ్ళకే తెలుసు. రోడ్డంతా రెక్కలే. ఆ సాయంత్రం మేరీ రత్నం ఘాట్ మీద ఉంది. వెనక జీపులో పిల్లాజెల్లాతో ఒక కుటుంబం ఉంది. మంచులో వాళ్ళకి ఆవిడ బండి వెనక దీపమే దారి. ఉసిళ్ళ మధ్య మొహం ఎత్తితే కన్ను పోతుంది, వంచితే మలుపు కనపడదు. ఆవిడ బండి ఆపి, రోడ్డు పక్కనున్న రాయి తీసుకుని, సీలు మీద ఒక్క దెబ్బ వేసింది. మంచి లక్క అయినా ఊడిపోయింది. మర తిప్పి, అద్దాన్ని ముక్కు దాకా లేపి, నిటారుగా కూర్చుని, అందరినీ క్షేమంగా కిందకి దింపింది.

మర్నాడు పొద్దున్న సీలు తనిఖీలో సంగతి బయటపడింది. గరుడాద్రి గారు నేరానికి పేరు వెతకడానికి చాలా శ్రమపడ్డారు. చివరికి 'హోదాపహరణం' అని తేల్చారు. ఒక రైడరు రాత్రంతా జనరల్ మేనేజర్ ఎత్తున తిరిగింది. వెంటనే పోర్టికోలో విచారణ పెట్టారు. సూపరింటెండెంట్లమంతా మా మా బళ్ళెక్కి అద్దాల వెనక కూర్చున్నాం. ఆరోజు తోడు రావలసిన ఇంకో జీపువాళ్ళు కూడా గేటు దగ్గర ఆగి, ఇదేదో స్థానిక ఉత్సవమనుకుని ఫొటోలు తీసుకుంటున్నారు.

సాక్ష్యం చెదిరిపోకూడదని అద్దాన్ని ఉన్న ఎత్తున ఉన్నట్టే ఉంచి బండి మీదే రమ్మన్నాం. మేరీ రత్నం వచ్చి, గరుడాద్రి గారి బండికి ఎదురుగా తన బండి ఆపింది, దిగలేదు.

"ముద్దాయి హాజరైనదా?" టవల్ వెనకనుంచి గొంతు.

"ఎదురుగానే ఉన్నానండి."

"నాకు కనపడటం లేదు. విచారణాధికారి కంటికి కనపడని వ్యక్తిని విచారించడం చెల్లదు. ముందుకు రా."

"ఇంకా ముందుకొత్తే మిమ్మల్ని గుద్దేత్తానండి. నేను మీకు కనపడాలంటే, మీ అద్దవే కిందకి దించుకోవాలండి."

టవల్ వెనక కొంచెం ఆలోచన జరిగింది. విసుగు కూడా జరిగింది. "సరే, దించు."

"నేనాండి?"

"ఇంకెవరు? దించమంటున్నాను కదా!"

మేరీ రత్నం దిగకుండానే బండిని ఆయన ముందు చక్రం పక్కకి దొర్లించి, చెయ్యి చాచి ఆయన మర వదులు చేసింది. సీలు లేదు కదా, సులువుగా తిరిగింది. రెండు మూరల అద్దం బరువుగా ఉంటుందన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. అది టవల్‌తో సహా సర్రున జారి, హెడ్‌లైటును కప్పేసి, మడ్‌గార్డు మీద పడి ఆగింది. పై అంచు సరిగ్గా జానెడు ఎత్తున నిలిచింది.

గరుడాద్రి గారు మొదటిసారి మా అందరికీ కనపడ్డారు. ఆయనకీ మేమంతా అప్పుడే కనపడ్డాం. ఆయన చూపు ఎదురుగా ఉన్న ఆవిడ మొహం మీద ఆగింది.

"నీ కన్నేమైంది?" అన్నారు.

నిజంగానే అడిగారు. ఆ దరఖాస్తు తిరస్కరించిన సంతకం ఆయనదే. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. ఈసారి ఎవరి మీదో తేల్చుకోవడానికి ఇబ్బంది పడలేదు. నా బండి దిగి, ఉత్తర్వు కాగితం తీసి, గొంతు సవరించుకున్నాను.

"మన్నించాలి. చివరి నిబంధన ప్రకారం, ఏ ఎత్తు అద్దం వెనక ఎవరు కూర్చుని ఉంటే వారిది ఆ హోదా. గరుడాద్రి గారూ, తమరు ప్రస్తుతం జానెడు అద్దం వెనక ఉన్నారు. అంటే రైడర్."

"ఏం వాగుతున్నారు! ఆ ఉత్తర్వు ఈ క్షణమే రద్దు చేస్తున్నాను!"

"రద్దు చేసే అధికారం ఎండీ గారిదండి. తమ హోదాలో ఉన్నవారు వినతిపత్రం పెట్టుకోవచ్చు. ఎండీ స్థానం ఖాళీగా ఉన్నప్పుడు జనరల్ మేనేజర్ గారు ఇన్‌చార్జిగా ఉంటారు." నేను మేరీ రత్నం వైపు తిరిగి నమస్కారం పెట్టాను. "మేడమ్ గారి అద్దం మూరెడుంది. ఆ పోస్టు ఎలాగూ ఖాళీయే."

గరుడాద్రి గారు కామరాజు గారి వైపు చూశారు. కామరాజు గారు సాంకేతిక దృష్టితో ఆకాశం వైపు చూశారు. వాన వచ్చేలా ఉందన్నారు.

"ఏటండి ఇది, నిజవేనా?" అంది మేరీ రత్నం.

"ఉత్తర్వు అలాగే ఉందండి. మొదటి ఆదేశం ఏమైనా ఉంటే సెలవియ్యండి."

"అయితే ముందా సీళ్ళన్నీ పీకేయించండి. ఎవరి ముక్కు దాకా ఆళ్ళు పెట్టుకోవాలి." ఆవిడ గరుడాద్రి గారి వైపు వంగింది. "మీది కూడా సరిజేసేత్తాను. నిటారుగా కూకోండి సార్. ముక్కెక్కడుంది? ఆ, అక్కడే." వేలు పెట్టి గురుతు చూసుకుని, అద్దాన్ని పైకి లాగి, మర బిగించింది. "ఇప్పుడు అద్దం మీంచి సూడండి. ఏం కనపడతంది?"

గరుడాద్రి గారు చాలాసేపు చూశారు. గేటు, గేటు అవతల జీపు, ఆ వెనక కొండల్లోకి పోయే దారి.

"రోడ్డు" అన్నారు మెల్లగా.

"అంతేనండి. ఇంకేటీ లేదు" అంది మేరీ రత్నం. పని మొత్తం టీ తాగినంతసేపు కూడా పట్టలేదు.

"మరి, నా హోదా?" అన్నారాయన.

కొలవడం నా ధర్మం. టేపు తెచ్చి కొలిచాను. జానా బెత్తెడు. నియమావళిలో చూసి సీనియర్ అసిస్టెంట్ అని చెప్పాను. నా సెక్షన్‌లో కిటికీ పక్కన ఒక బల్ల ఖాళీగా ఉందని, కుర్చీ వీపు నడుం దాకా వస్తుందని కూడా చెప్పాను. ఫైళ్ళు సంతకానికి తీసుకురమ్మంటారా అని మేడమ్ గారిని అడిగితే, "సాయంత్రం సూత్తానండి. జీపోళ్ళు అక్కడ కాసుక్కూచున్నారు" అని గేటు దాటి వెళ్ళిపోయింది.

మా సంస్థకి పిచ్చి పట్టిందనేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. ఆ ఉత్తర్వులో ఇప్పటికీ ఒక్క అక్షరం మారలేదు. అన్నీ నియమం ప్రకారమే నడుస్తున్నాయి. రైడర్లు నిటారుగా కూర్చుని అద్దం మీంచి చూస్తూ నడుపుతున్నారు. వాళ్ళలో కొందరి ముక్కులు ఎత్తుగా ఉండటం వల్ల ఇద్దరు సూపరింటెండెంట్లు పెరిగారు, పనికేమీ అడ్డం రావడం లేదు. మేడమ్ గారు కంటి పరీక్షలో నెగ్గారు. సాయంత్రాలు పెట్రోలు ట్యాంకు మీదే ఫైళ్ళు పెట్టుకుని సంతకాలు చేస్తారు.

గరుడాద్రి గారు పని బాగానే చేస్తున్నారు. వారానికో వినతిపత్రం మాత్రం తప్పకుండా పెడుతున్నారు. నిన్న కూడా తెచ్చారు. తన అద్దం ఎత్తు హోదాను బట్టి కాక ముక్కును బట్టి నిర్ణయించారని, ఇది తీరని అన్యాయమని రాశారు. నేను రెండుసార్లు చదివి, ముక్కు వ్యక్తిగతమైన అవయవమని, అందులో సంస్థ జోక్యం చేసుకోదని రాసి తిప్పి పంపించాను.